ఇంటి నంబరు 3-42/ఏ గల పడవ

మా ఇంటి నంబరు 3-42. మా పడవ ఇంటి నంబరు 3-42/ఏ. రెండూ పంచాయతీవాళ్లే నల్లరంగుతో రాశారు. ఇంటి మీద రాసింది వానలకు వెలిసిపోయింది. పడవ మీదది ఇంకా నిగనిగలాడుతోంది. దానికి నేను అప్పటికే గుగ్గిలం నూనె పట్టించి ఉన్నాను మరి.

నేను కొత్తరేవులో పడవలు కట్టేవాణ్ణి. నలభై దాకా కట్టి ఉంటాను. ఇప్పుడు అందరూ ఫైబరు పడవలు కొనుక్కుంటున్నారు కాబట్టి కొన్నేళ్లుగా ఊరికే కూచున్నాను. మళ్లీ ఉలి పట్టింది మా అక్క కోసం.

మా అక్క నూకరత్నం గోదావరి పాయకు అవతల దోసలంకలో ఉంటుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఒక పెంకుటిల్లు, ఒక పొట్లపాదు, ఒక మేక. కిందటేడు ఎర్రనీరు, అదే గోదారి వరద, వచ్చినప్పుడు మేకను ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు అటక మీద కూచుంది. నా పెద్ద పడవ ఈ ముసలి జబ్బలకు కదల్లేదు. మూడోరోజు ప్రభుత్వంవారి లాంచీ వచ్చింది. మేకను ఎక్కించుకోం అన్నారు. మేక లేకుండా నేను రానని అక్క అంది. అటక మీదున్న అక్కను ఫోటో తీసుకుని లాంచీ వెళ్లిపోయింది. ఆ ఫోటో పేపర్లో పడింది. కింద 'సహాయక చర్యలు ముమ్మరం' అని ఉందట.

నీళ్లు తీశాక వెళ్లాను.

"ఒరే తాతబ్బాయ్, వచ్చే ఎర్రనీటికి నేను అటకెక్కలేను. మోకాళ్లు పోయాయి. నువ్వొస్తే వస్తాను. లేకపోతే ఈ మంచం మీదే కూచుంటాను, ఎంతవరకొస్తే అంతవరకు రానీ," అంది.

"వస్తాను," అన్నాను.

నేను ఎక్కువ మాట్లాడను. అన్నమాట మీద మాత్రం ఉంటాను.

ఎగువన రిసార్టువాళ్లు ఒకసారి చెక్క కయాక్ ఒకటి బాగుచెయ్యమని నా దగ్గరికి తెచ్చారు. సన్నగా, చేపలా ఉంటుంది. పైన కూడా చెక్కతో మూసేసి, మనిషి దిగి కూచోవడానికి గుండ్రటి కంత పెడతారు. ఇద్దరికైతే రెండు కంతలు. ఒక్కడు భుజాన వేసుకుని రేవుకు పోవచ్చు. ఒక్కడు తెడ్డు వెయ్యొచ్చు. ఒక కంతలో నేను, ఒక కంతలో అక్క, అక్క ఒళ్లో మేక. లెక్క సరిపోయింది.

చెక్క కావాలి. మా వీధి తలుపు రెండు రెక్కలూ ఊడదీశాను. మా నాన్న చేయించిన టేకు అది. కోతమిల్లుకు పట్టుకెళ్లి పలచటి పలకలుగా చీరించాను. గుమ్మానికి గోనెపట్టా కట్టాను. మా ఇంట్లో దొంగలెత్తుకుపోయేది ఆ తలుపే, అది ఎలాగూ లేదు.

పడవను బోర్లించి కట్టాలి. అడుగు పైకి ఉండాలి. పలక పక్కన పలక అతికి, సందుల్లో నార దట్టించి, గుగ్గిలం నూనె కాచి పట్టించి, ఎండనివ్వాలి. నెలరోజులు అది ఆకాశానికి వీపు చూపించి పడుకుంటుంది. ఈ సంగతి మా ఊళ్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. ఆకాశానికి తెలియదు.

ఆ నెలలోనే ఆకాశం నుంచి సర్వే మొదలైంది. తేనెటీగలా రొద చేసుకుంటూ బుల్లి విమానం లాంటిదొకటి మా పెరట్లో మూడు చుట్లు తిరిగి పోయింది. నాలుగోరోజు నోటీసు వచ్చింది. నా మూడో తరగతి చదువుతో వేలు పెట్టుకుని చదివాను.

'శ్రీ సంగాడి తాతబ్బాయి గారికి తెలియజేయడమైనది ఏమనగా, తమ ప్రాంగణము నందు పద్దెనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు కలిగి, ఇరువైపులా వాలు గల కప్పుతో నూతన గృహము అనుమతి లేకుండా నిర్మింపబడినట్లు గగనతల సర్వే ద్వారా నిర్ధారించడమైనది.'

మరునాడు పంచాయతీ కార్యదర్శి వచ్చాడు. లలితకుమార్ అని, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో టేపు. పడవ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేంటండి తాతగారూ?"

"పడవ."

"అది నాకూ కనబడతానే ఉందండి. కానీ ఫోన్లో ఇల్లని పడిపోయింది. పడవ అని కొట్టడానికి అందులో చోటే లేదు. మూడే ఉన్నాయి. పక్కా ఇల్లు, పెంకుటిల్లు, పాక. ఇందులో ఏదండి?"

"ఏదీ కాదు."

"ఏదో ఒకటి నొక్కకపోతే తరవాత పేజీ రాదండి."

"రాకపోతే?"

"సాయంత్రానికి నా జీతం పేజీ కూడా రాదండి."

ఆ పిల్లాడి మొహం చూస్తే జాలేసింది. ఒంగి పడవ పక్క తడుముతూ ఒకచోట ఆగాడు. పాత తలుపు గొళ్లేనికి పెట్టిన కన్నం అది. నేను చెక్కముక్కతో పూడ్చాను గానీ గుర్తు తెలుస్తోంది.

"ఇది గొళ్లెం కన్నం గదండీ?"

"అవును. అది తలుపు చెక్క."

"తలుపుందన్నమాట!" అని పక్కా ఇల్లు నొక్కేశాడు. వాడి ప్రాణం కుదుటపడింది. "లోపల ఎంతమంది ఉంటారండి?"

"ఇద్దరు. ఒక మేక."

కుటుంబసభ్యులు ఇద్దరు, పశుసంపద ఒకటి అని రాసుకున్నాడు. మర్నాడు పెయింటరు వచ్చి 3-42/ఏ అని వేశాడు. అడుగున వేశాడు. ఆ పూటకు అదే పైన ఉంది మరి.

అది మొదలు మా పెరట్లోకి మనుషుల రాకడ ఎక్కువైంది. దోమల మందు కొట్టేవాడు వచ్చి పడవ కింద పొగపెట్టి పోయాడు. కరెంటు మనిషి వచ్చి మీటరు ఎక్కడ బిగించాలని అడిగాడు. ఆరోగ్య కార్యకర్త ఒకామె వచ్చి, ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలున్నారా అని పడవను అడిగినట్టే అడిగింది. పరిశుభ్రత వారానికి వచ్చిన ఒకాయన మరుగుదొడ్డి చూపించమన్నాడు. నేను గోదారి చూపించాను. ఆయనకు కోపం వచ్చి, 'మరుగుదొడ్డి లేని గృహము' అని కాగితం అంటించి పోయాడు. నూనె తడి మీద కాగితం బాగా అంటుకుంది.

జ్యేష్ఠం వెళ్లిపోతోంది. నూనె ఎండింది. పడవను తిరగేసి రేవుకు తీసుకుపోదామని చూస్తుంటే లలితకుమార్ పరుగెత్తుకొచ్చాడు.

"కదపకండి తాతగారూ! ఆ ఇంటికి ఉపగ్రహంతో ముడిపెట్టాం. అడుగు కదిలితే ఫోన్లో ఎర్రచుక్క పడుతుంది. ఇల్లెక్కడికెళ్లిందని నన్నడుగుతారు. నేనేం చెప్పనండి?"

"పడవ గదా, గోదాట్లోకి వెళ్లిందని చెప్పు."

"ఇల్లు గోదాట్లోకి వెళ్లిందంటే నా ఉద్యోగమూ అటే వెళ్తుందండి. డివిజను ఆఫీసుకెళ్లి ఇల్లు కాదని రాయించుకు రండి."

ఆ మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఎంతవరకొచ్చిందిరా?"

"అయిపోయింది."

"మరి దింపు నీళ్లలో. ఎగువన వానలంటున్నారు."

"దింపకూడదంట. ఇల్లంట అది."

మేక అరుపు ఒక్కటే వినిపించింది.

"ఎవడ్రా అన్నది?"

"ఆఫీసు."

"ఆ ఆఫీసుకి అటకుందేమో కనుక్కో," అని పెట్టేసింది.

డివిజను ఆఫీసులో గగనతల సర్వే అధికారి వసంతశేఖర్‌గారు. ఆయన వెనక గోడంతా మా తాలూకా బొమ్మే. ఇళ్లన్నీ పచ్చచుక్కలు. ఆయన మాట్లాడితే నోటీసు చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా అలాగే చెబుతారేమో తెలియదు.

"తమ సమస్య యేమి?"

"మా పడవ ఇల్లు కాదండి."

"మా శాఖ పరిధిలోనికి పడవలు రావు. గృహములు మాత్రమే వచ్చును. తమది మా పరిధిలోనికి వచ్చి యున్నది. కావున అది గృహము."

నేను దాన్ని రెండుసార్లు మనసులో తిప్పి చూశాను. ఎటు తిప్పినా బోర్లానే పడింది.

"ఒకసారి వచ్చి చూడండి బాబూ."

"చూచుట వలననే గదా తప్పులు జరుగునది! క్షేత్రస్థాయిలో చూచువానికి బంధుత్వములుండును, మొగమాటములుండును. పైనుండి చూచువానికి అవి యేమియు ఉండవు. అందువలననే పైనుండి చూచుచున్నాము."

"మా అక్క లంకలో ఉందండి. ఎర్రనీరు వచ్చేలోపల పడవ దింపాలి."

"వరద అనునది వేరే శాఖ," అని ఆయన గంట కొట్టారు. నా తరవాతివాడు లోపలికొచ్చాడు.

ఇంటికొచ్చి ఆలోచించాను. పైనుంచి చూస్తేనే నమ్ముతామంటున్నారు. సరే, పైనుంచే చూపిద్దాం. ఎక్కడా గీసుకుపోకుండా పక్కింటి అన్నదమ్ములిద్దర్నీ పిలిచి పడవను వెల్లకిలా తిప్పించాను. ఇప్పుడు పైనుంచి ఎవరు చూసినా కప్పు కనబడదు, మూసిన చెక్కా, రెండు గుండ్రటి కంతలూ కనబడతాయి. పడవ అని గుడ్డివాడు కూడా చెబుతాడు.

ఆ రోజే ఆరుద్ర వాన మొదలై రెండు రోజులు కురిసింది. కంతల్లో నీళ్లు చేరాయి. మూడోరోజు తెరిపిచ్చింది. తేనెటీగ వచ్చి తిరిగి పోయింది.

ఈసారి నోటీసు రెండు పేజీలు. 'మంజూరైన గృహమును యజమాని స్వయముగా నేలమట్టము గావించి, సదరు స్థలమునందు అనుమతి లేకుండా రెండు బావులు త్రవ్వి యున్నాడు. బావికీ బావికీ నడుమ ఉండవలసిన దూరము పాటింపబడలేదు. రెండు బావుల మధ్య దూరము నాలుగడుగులు మాత్రమే.'

బావుల సంగతి పెద్దదట. వసంతశేఖర్‌గారు స్వయంగా వచ్చారు. జీపు దిగి, చెప్పులు తడవకుండా ఇటుకల మీద నడిచి, పడవ పక్కన నిలబడ్డారు. పడవ ఆయన మోకాలంత ఎత్తున్నది. కర్ర ముక్కల మీద ఉంది. కింద నుంచి కోడి ఒకటి ఇటు దూరి అటు వచ్చింది. ఆయన కోడి వంక చూశారు. ఫోను వంక చూశారు. ఫోనునే నమ్మారు.

"లోతు కొలవండి," అన్నారు.

లలితకుమార్ కర్ర ముంచాడు. "అడుగు లోపేనండి."

"అడుగు లోపే నీరు పడినదా!" ఆయన మొహం వెలిగింది. "ఈ ప్రాంతమున భూగర్భజలము ఇంత పైన ఉన్నట్లు ఇంతవరకు ఏ శాఖయు గుర్తింపలేదు. వ్రాసికొనుము."

లలితకుమార్ రాసుకున్నాడు. రాసుకుంటూ నా వంక చూడలేదు.

"బాబూ," అన్నాను. "కింద కోళ్లు తిరుగుతున్నాయండి. బావి కింద కోళ్లు తిరుగుతాయా?"

"కోళ్ల పెంపకము వేరే శాఖ. ఈ బావులకు గట్టు లేదు, మూత లేదు. పసిపిల్లలు పడినచో బాధ్యులెవరు? సోమవారమునాడు రెండు బావులును మట్టితో పూడ్చివేయబడును. అంతవరకు ఎవరును ముట్టరాదు."

చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, రెండుచోట్ల లక్క సీలు వేశారు. జీపెక్కబోతూ ఆయన వెనక్కి తిరిగి, "పెద్దవారు, తెలియక త్రవ్వినారు. జరిమానా లేకుండ చూచెదను," అన్నారు. మంచివాడే. అదే బాధ.

సోమవారం పొద్దున్నే ఆయన వచ్చారు. వెనకాల ట్రాక్టరు నిండా మట్టి. నేను అరుగు మీద కూచుని ఉన్నాను. మట్టిపోసే కూలీలు పార తియ్యబోతుంటే రేవు వైపునుంచి కేక వినబడింది. ఆ కేకకు మా ఊళ్లో అర్థం ఒక్కటే. ఎర్రనీరు.

ఎగువన గట్టుకు గండి పడిందట. నేను అరుగు దిగేసరికి నీళ్లు వీధిలో ఉన్నాయి. గోనెపట్టా తీసేసరికి లోపలున్నాయి. కూలీలు పారలు పారేసి గట్టెక్కారు. ట్రాక్టరు బురదలో దిగబడింది. ఊరు ఊరంతా గట్టుమీదికి పోయింది. ఫైళ్లు తీసుకోవాలని పంచాయతీ ఆఫీసుకు వెళ్లిన వసంతశేఖర్‌గారు, ఆయన వెంట వెళ్లిన లలితకుమార్ మాత్రం ఆఫీసు డాబా మీదికెక్కారు.

నేను రిబ్బను కత్తిరించాను. డబ్బాతో రెండు కంతల్లో నీళ్లు తోడి పారబోశాను. అప్పటికి పడవ కర్రముక్కల మీదినుంచి తనంతట తనే లేచింది. రేవు దాకా మోసే పని తప్పింది. రేవే మా పెరట్లోకి వచ్చింది. ముందు కంతలో కూచుని తెడ్డు వేశాను. తేలిక. వీధిలోంచి బాణంలా పోయింది. పోతుంటే అడుగున 3-42/ఏ ఎలా ఉందోనని ఒకసారి అనిపించింది.

పంచాయతీ ఆఫీసు పక్కనుంచే దారి.

"పెద్దాయనా!" డాబా మీదినుంచి వసంతశేఖర్‌గారి గొంతు. నోటీసు భాష ఎక్కడో తడిసిపోయింది. "ఇటు! పడవ ఇటు పోనివ్వు!"

తెడ్డు ఆపాను. "ఏమన్నారండీ?"

"పడవ! పడవ!"

"పడవలు మీ పరిధిలోకి రావు గదండీ," అన్నాను.

లలితకుమార్ మొహం తిప్పుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియదు. నాకు ఆగే తీరిక లేదు. "డాబా మునగదు. తిరిగొస్తాను," అని ముందుకు పోనిచ్చాను.

పాయ సుళ్లు తిరుగుతోంది. పెద్ద పడవైతే అడ్డం తిరిగిపోయేది. ఇది నీటి మీదికి ఎక్కి దిగుతూ పోయింది. మా నాన్న తలుపు. నలభై ఏళ్లు గాలివానకు అడ్డం నిలబడింది, ఇప్పుడు దానికి ఎదురెళ్తోంది.

అక్క అన్నట్టే మంచం మీద కూచుని ఉంది. మంచం పట్టె దాకా నీళ్లొచ్చాయి. ఒళ్లో మేక. మేక మెడలో పొట్లకాయ తీగ, ఆకలేస్తుందని.

"ఇంతాలస్యమేంట్రా?"

"బావిలో నీళ్లు తోడుతున్నా."

"ఏ బావి?"

"ఎక్కు, చెబుతాను."

ఎక్కించి, మేకను అందించి, తిప్పాను. పాయ దాటి ఊళ్లోకొచ్చాక డాబా మీద ఇద్దరు మనుషులు చేతులూపుతూ కనబడ్డారు.

"ఎవర్రా వాళ్లు?"

"ఆఫీసు."

కళ్లు చికిలించి చూసింది. "అటక లేదన్నమాట," అంది. "తీసుకురారా. మనుషులే గదా. ఫోటో మాత్రం తియ్యకు," అంది.

అక్కనీ మేకనీ గట్టు మీద దింపి మళ్లీ వెళ్లాను. ఒకసారికి ఒక్కరే. ముందు లలితకుమార్‌ను పంపమన్నాను. చిన్నవాడు. రెండోసారి వసంతశేఖర్‌గారు. ఆయన కంతలో దిగి, రెండు పక్కలా గట్టిగా పట్టుకుని, మేక వాసనలో బిగుసుకుని కూచున్నారు. సగం దూరం వచ్చాక నెమ్మదిగా అన్నారు.

"నిలకడగానే ఉన్నది."

"ఇల్లు గదండీ," అన్నాను.

నీళ్లు తీశాయి. అక్క పది రోజులు నా దగ్గరుండి, ఆ పదిరోజులూ నా వంటను తిట్టి, లంకకు వెళ్లిపోయింది. నేనే దింపి వచ్చాను.

ఇక నన్ను వదిలేస్తారనుకున్నాను. పడవలో కూచున్న మనిషికి పడవేదో తెలిసి ఉంటుంది గదా. తెలిసింది. కానీ పడవ అని రాస్తే ఇల్లని రాసిన కాగితం తప్పవుతుంది, బావులని రాసిన కాగితం తప్పవుతుంది, రెండింటి మీదా ఆయన సంతకమే. ఆయన నాకు కృతజ్ఞత చూపాలనీ అనుకున్నారు, కాగితాలు తప్పు కాకూడదనీ అనుకున్నారు. రెండూ కలిసేలా నివేదిక రాశారు.

ఆ నివేదిక లలితకుమార్ నాకు చదివి వినిపించాడు. 'వరద సమయమున ఇంటి నంబరు 3-42/ఏ ఏమాత్రము మునగలేదు. సదరు గృహము నందు ఆశ్రయము పొందిన నలుగురు సురక్షితముగా ఉన్నారు.' నన్ను వదిలేసి మేకను లెక్కేశారు. అంతా నిజమే. ఒక్క మాటైనా అబద్ధం పట్టుకోలేకపోయాను.

పైవాళ్లు మెచ్చుకున్నారట. రాష్ట్రంలో వరదకు మునగని ఇల్లు ఒక్కటే ఉంది, అది కొత్తరేవులో ఉంది. దాన్ని కాపాడాలన్నారు. ఒకరోజు సిమెంటు లారీ వచ్చింది. పెరట్లో దిమ్మ పోశారు. పడవను దిమ్మ మీద నంబరు కనబడేలా బోర్లించి, నాలుగుచోట్ల ఇనుపపట్టీలు వేసి, బోల్టులు బిగిస్తున్నారు.

"ఎందుకండీ?" అని అడిగాను.

"ఇట్టి అమూల్యమైన గృహము వచ్చే వరదలో కొట్టుకొనిపోకుండుటకు," అన్నారు వసంతశేఖర్‌గారు.

"బిగిస్తే తేలదండీ."

"తేలకుండుటయే గదా భద్రత."

ఆయన కళ్లలోకి చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే చెబుతున్నారు. బోర్డు పెట్టారు, రిబ్బను కట్టి కత్తిరించారు. నా మెడలో దండ వేసి ఫోటో తీశారు. ఈ ఏడు ఫోటో నాది.

సాయంత్రం అక్క ఫోను చేసింది. బోల్టుల సంగతి చెప్పాను.

"మరి వచ్చే ఎర్రనీటికి?" అంది.

"వస్తాను," అన్నాను.

మర్నాడు మా ఇంటి అటక పలకలు ఊడదీశాను. వంటింటి తలుపు ఊడదీశాను. కోతమిల్లుకు పట్టుకెళ్లాను. ఈసారి పని పెరట్లో పెట్టలేదు. నడిమి గదిలో, పెంకుల కింద పెట్టాను. పడవ బోర్లా ఉంది. పైన తేనెటీగ తిరిగినప్పుడు నేను చిత్రిక ఆపి, అది పోయేదాకా బీడీ కాల్చుకుంటాను. దానికి కనబడేది ఒక పాత ఇల్లు.

ఒకరోజు లలితకుమార్ ఇనుప బోల్టులకు తుప్పు పట్టిందేమో చూసి రాసుకోవడానికి వచ్చి, చిత్రిక చప్పుడు విని గోనెపట్టా ఎత్తాడు. లోపల చూశాడు. ఫోను జేబులో పెట్టేశాడు. పడవ చుట్టూ తిరిగాడు, గుమ్మం చూశాడు, మళ్లీ పడవ చూశాడు.

"తాతగారూ, పద్దెనిమిది అడుగులుంది. గుమ్మం పక్కగోడకుంది. ఇది ఇందులోంచి తిరగదండి. బయటికెలా తీస్తారు?"

"గోడ పడగొడతా."

"ఇల్లు గదండీ!"

"అవును. ఇది ఇల్లే," అన్నాను.

వాడు చొక్కా చేతులు మడిచి, పలక రెండో కొస పట్టుకున్నాడు.

తూర్పుగోడ మీద సుద్దముక్కతో గీత గీసి ఉంచాను, ఎక్కడ కొట్టాలో. గునపం దాని కిందే ఉంది. అక్క ఫోను చెయ్యడమే ఆలస్యం.